పళ్ళున్నది నమలడానికా!

పళ్ళు నమలడానికని మీకెవరు చెప్పారండీ?

బడిలో సైన్సు అయ్యవారా? ఆయన చెప్పినవాటిలో ఇప్పటికి నిలబడినవెన్ని? గ్రహాలు తొమ్మిదన్నాడు. అందులో ఒకటి పాలపన్నులా ఊడిపోయింది. జూన్‌లో తొలకరి పడుతుందన్నాడు. ఆలూరు పక్క మెట్ట చేలల్లో మేం ఆ సంగతిని ఇప్పటికీ మెడలెత్తి పరిశీలిస్తూనే ఉన్నాం. పళ్ళ విషయమూ అంతే. అది పాత సిలబస్సు.

కొత్త సిలబస్సు ప్రకారం పళ్ళున్నది నవ్వడానికి. అందులోనూ ఫోటోలో నవ్వడానికి. నమలడమనేది మేకలూ బర్రెలూ చేసే పని. పొద్దస్తమానం నెమరేసిన పాపానికి ఒక్క బర్రెకైనా ఎవరైనా ఫ్లెక్సీ కట్టించారా?

నమ్మకం లేకపోతే ఒకసారి కర్నూలు పోయి రండి. ఒకప్పుడు ఆ ఊళ్ళో సందుకొక కిళ్ళీ బంకు ఉండేది. ఇప్పుడు సందుకొక పళ్ళ ఆసుపత్రి. మొదటిది విత్తనం వేసింది, రెండోది కోత కోసుకుంటోంది. ఆ ఆసుపత్రుల బోర్డులన్నీ చూడండి. ప్రతి బోర్డు మీదా ఒక తెల్లని పిల్ల, దాని నోట్లో ఇంకా తెల్లని పళ్ళు, పక్కన స్మైల్ అనే మాట. ఏ బోర్డు మీదైనా ఒక్క మనిషి ఏదైనా తింటూ కనిపించాడా? ఉగ్గాని వద్దు, మిరపకాయ బజ్జీ వద్దు, కనీసం ఒక అరటిపండు? లేదు! పళ్ళు కట్టేవాళ్ళకే తెలుసు పళ్ళు దేనికో. మనకెందుకండీ మొండితనం?

అసలు దేవుడిచ్చిన పళ్ళంత దండగమారి సొత్తు ఇంకొకటి లేదు. వచ్చేటప్పుడు ఏడిపిస్తాయి, పోయేటప్పుడు ఏడిపిస్తాయి. నడుమ ఉన్నన్నాళ్ళు సరిగ్గా ఊరి దేవర పండగ నాడు, యాట కూర ఉడుకుతున్న వేళ చూసుకుని సలుపుతాయి. మా బోరు నీళ్ళకు పసుపు గార కట్టి, ఎంత తోమినా పెళ్ళికి పూసిన గడపలా మెరుస్తుంటాయి. పోనీ తీసి పక్కన పెడదామా అంటే వీల్లేదు!

కట్టుడు పళ్ళు అలా కాదు. తీసి కొళాయి కింద కడగొచ్చు. ఎండలో ఆరబెట్టొచ్చు. మొగుడూ పెళ్ళాలకు మాటామాటా వచ్చిందనుకోండి, ఇద్దరూ తీసి గూట్లో పెట్టేస్తే ఇక ఎవరు ఏం తిట్టుకున్నా ఆశీర్వాదంలాగే వినిపిస్తుంది. కాపురాలు నిలబడతాయి.

ఇంకా పైమెట్టు కావాలంటే ఇంప్లాంట్ ఉంది. అంటే దవడ ఎముకలోకి మరమేకు దింపి దాని మీద పన్ను కట్టడం. దీని గురించి మా సీమ వాళ్ళకు పాఠం చెప్పక్కర్లేదు. ముందు పాయింటు చూస్తారు. డ్రిల్లు దింపుతారు. గట్టి తగిలేదాకా పోతారు. కేసింగ్ బిగిస్తారు. "ఇక్కడ పడలేదు, పక్కన ఇంకో పాయింటు చూద్దాం" అంటారు. బోరుబావులు వేయించి వేయించి అలిసిపోయిన రైతుకు ఆ కుర్చీలో పడుకుంటే సొంత చేలో ఉన్నట్టే ఉంటుంది. తేడా ఒక్కటే. చేలో దుమ్ము లేస్తే ఏడుస్తాం. ఇక్కడ దుమ్ము లేస్తే, కదలకండి సార్ అంటారు.

ఇంత గొప్ప విద్యకు ప్రోస్థోడాంటిక్స్ అని పేరు పెట్టారు. ఊడిన పళ్ళకు బదులు పళ్ళు కట్టే చదువది. ఆ పేరు పలకాలంటే నోట్లో పళ్ళన్నీ ఉండాలి. అన్నీ ఉన్నవాడికి దానితో పని లేదు, పని ఉన్నవాడికి అది నోరు తిరగదు. పెద్ద చదువులంటే అలాగే ఉండాలి మరి!

ఇంత జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా ఓబులమ్మ పెద్దమ్మ వల్ల వచ్చింది.

పెద్దమ్మకు నోట్లో పళ్ళన్నీ పోయి చాన్నాళ్ళయింది. పళ్ళు లేని నోటికి మా ఊళ్ళో ఒక మర్యాద ఉంది. అందరికంటే ముందు, ఒంటరిగా, వాకిట్లో గోడవారగా బువ్వ పెట్టేస్తారు. జొన్నరొట్టె అయితే తునకలు చేసి మజ్జిగలో నానేసి, పిసికి, గిన్నెతో ఇస్తారు. ఆమె జుర్రుకుంటుంటే ఆ చప్పుడు వినపడకుండా పిల్లోళ్ళు టీవీ సౌండు పెంచుతారు. అందులో తప్పేముంది? ఎవరి మర్యాద వాళ్ళది.

పెద్దమ్మకు మాత్రం ఒక పిచ్చి కోరిక. పెనం మీది నుంచి తీసిన రొట్టె, మాడీ మాడకుండా కాలిన అంచు, పైన ఇంత వేరుశనగ ఊరిబిండి పచ్చడి. అది అందరితో పాటు వరసలో కూర్చుని, తన నోటితో తను కొరుక్కుని తినాలంట! డెబ్బై దాటిన మనిషికి ఉండాల్సిన కోరికా అది? కాశీకి పోవాలనుకోవచ్చు కదా. పళ్ళు లేకుండానే రానిస్తారు అక్కడ.

సరిగ్గా అప్పుడే మా మండలానికి మంచి రోజులొచ్చాయి. యువనేత హనుమేష్ పళ్ళ క్యాంపు పెట్టాడు.

హనుమేష్ అంటే మా పక్క తెలియనివారు లేరు. యాభై దాటినా యువత్వాన్ని వదలని మనిషి. జుట్టుకు రంగు తప్పదు, పుట్టినరోజుకు కేకు తప్పదు, కేకు పక్కన కత్తి పట్టుకుని నవ్వడం తప్పదు. "మన మండలంలో నోరు బోసిగా ఉండే ముసలోళ్ళు ఒక్కరు గూడా ఉండగూడదు!" అని మైకులో శపథం పట్టాడు. క్యాంపుకు నవ్వుల మండలం అని పేరు పెట్టాడు. గమనించారా? నమిలే మండలం అనలేదు. దార్శనికుడండీ!

కర్నూలు నుంచి సుప్రజ అనే డాక్టరమ్మ వచ్చింది. ఆ నోరు తిరగని చదువు చదివిన పిల్ల. బడి గదుల్లో బెంచీలు వేసి ముసలోళ్ళందరినీ కూర్చోబెట్టి, నోట్లో గులాబీ రంగు పేస్టు పెట్టి చిగుళ్ళ అచ్చులు తీసింది. ఇటుకల బట్టీలో అచ్చులు తీసినట్టే. మా చర్చి సంఘ పెద్ద జ్ఞానరాజు తాతైతే ఆ పేస్టు గట్టిపడేదాకా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండిపోయాడు. తీశాక కూడా ఆమెన్ అనడానికి రోంతసేపు పట్టింది.

కొన్ని వారాలకు పళ్ళ సెట్లు వచ్చాయి. ఏం పళ్ళండీ అవి! వెన్నెల ముక్కలు! సుప్రజ ఒక్కొక్కరికీ పెట్టి, నీలం కాగితం కొరికించి, అడిగింది.

"ఎట్లుందవ్వా? యాడన్నా గుచ్చుకుంటాందా?"

పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని అంది. "బాగుండాది తల్లీ."

"నిజం చెప్పాల. చిగురు నొప్పి పుడ్తాందా?"

"శానా బాగుండాది."

"కొరికితే ఒక పక్కే తగుల్తాందేమో?"

"నువ్వింత కష్టపడి చేస్తివి, బాగలేకుండా యాడ పోతాది తల్లీ? బాగుండాది!"

పెద్దమ్మ ఒక్కతే కాదు. జ్ఞానరాజు తాత బాగుండాదన్నాడు. వరసలో కూర్చున్న ప్రతి ముసలీ ముతకా బాగుండాదన్నారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నవాళ్ళు కూడా అన్నారు. ఆ నీళ్ళు చూసి హనుమేష్ ఫోటోగ్రాఫరును కేకేశాడు. "ఆనంద బాష్పాలప్పా, క్లోజప్పు తియ్!"

మాది మర్యాద తెలిసిన నేల. విందుకు పోతాం, కూరలో ఉప్పు ఉండదు. ఎట్లుందప్పా అంటారు. బాగుండాది అంటాం. అల్లుడు తాగుబోతు. ఎట్లుండాడంటే బాగుండాడు అంటాం. పెట్టినవాడి ముఖం మీద బాగలేదనడం మా పక్క హత్య కంటే రెండు మెట్లు పైన. ధర్మానికిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడరాదని పెద్దలన్నారు. మరి ధర్మానికిచ్చినవి పళ్ళే అయితే? ఇంకేం పట్టి చూస్తాం? పెద్దలు అంత దూరం ఆలోచించలేదు.

డాక్టరమ్మకు మా మర్యాద తెలియదు. అమాయకంగా హనుమేష్‌ను పట్టుకుని చెప్పింది. "అన్నా, ఈ పండ్లు ఒక్కరోజులో కుదిరేవి కాదు. కొత్త చెప్పు కరిస్తే కరిచిన చోట అరగదీసుకుంటాం గదా? ఇవీ అంతే. వారంలోపల అందర్నీ నా దగ్గరికి తీసుకురండి. గుచ్చుకునే చోట రాకి ఇస్తా. అట్ల మూడు నాలుగు మార్లు రావాల. వాడకుండా ఎండబెడితే గూడా చెడిపోతాయి. రాత్రికి తీసి నీళ్ళలో వేసుకోమనండి."

"అంతేనా మేడం! బస్సు పెడ్తా!" అన్నాడు హనుమేష్. అదీ మైకులోనే అన్నాడు. చప్పట్లు మోగాయి. మా పక్క బస్సు మైకులో నుంచి బయలుదేరితే ఇక రోడ్డు మీదికి రావాల్సిన పని లేదు.

ఆ తర్వాత గ్రూపు ఫోటో. అందరూ నవ్వారు. అంత మంది ముసలోళ్ళు ఒకేమారు తెల్లగా నవ్వడం చూసి బడి కుక్క తోక ముడుచుకుని గేటు బయటికి పోయింది.

వారం తిరిగేసరికి ఆలూరు బస్టాండులో ఫ్లెక్సీ. ఎడం పక్క హనుమేష్, కుడి పక్క మా ఓబులమ్మ పెద్దమ్మ. ఇద్దరి నవ్వులూ ఒకే సైజు. పెద్దమ్మ ముఖం మీది ముడతలన్నీ కంప్యూటర్లో తీసేశారు. మా ఊరి వాళ్ళు కొందరు ఆ పిల్ల ఎవరని అడిగారు కూడా!

ఇక్కడే అసలు చిక్కు. క్యాంపు నాడు పెద్దమ్మ ఇంటికొచ్చేలోపే సెట్టు తీసి కొంగున ముడేసుకుంది. కింది చిగురు ఎడమ పక్క ఎర్రగా ఒరుసుకుపోయింది. వారం దాటినా బస్సు రాకపోయేసరికి కొడుకు నారాయణతో చెప్పింది.

"నాయనా, కర్నూలుకు తోడుకోని పోరా. ఆ యమ్మ రాకి ఇస్తా అనె గదా. రోంత రాకిస్తే రొట్టె తింటా."

నారాయణ నాకు తమ్ముడి వరస. చెడ్డవాడు కాదు. కాకపోతే వాడికప్పుడు రేషన్ షాపు డీలర్‌షిప్పు మీద మనసుంది. హనుమేష్ మాట సాయం చేస్తానన్నాడు.

"అమ్మా, నీకేమన్నా మతి ఉండాదా? బస్టాండులో అంత పొడుగు నవ్వుతాండావు. ఇప్పుడు పోయి పండ్లు బాగలేవంటే హనుమేషన్న ముఖం యాడ పెట్టుకోవాల? నా డీలర్‌షిప్పు ఏం గావాల?"

"మరి నేనేం తినాల్రా?"

"ఇన్నాళ్ళు ఏం తింటివో అదే తిను. అయినా కొత్త పండ్లు పెట్టుకోని జొన్నరొట్టె కొరుకుతారా ఎవరన్నా? అరిగిపోవూ!"

కోడలు శివజ్యోతి ఇంకా తెలివైనది. "అత్తా, ఇట్లియ్యి. పిల్లోళ్ళ చేతికి దొరికితే పగలగొడ్తారు" అని సెట్టును తుడిచి, స్టీలు డబ్బాలో పెట్టి, బీరువాలో పట్టుచీరల అడుగున దాచింది. పక్కన రెండు కలరా ఉండలు వేసింది, పురుగు పట్టకుండా.

మీరు నవ్వుకుంటారేమో. మీ ఇంట్లో సోఫా మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదని నాకు తెలుసు. రిమోటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేసినవాళ్ళు పక్కింటివాళ్ళ పళ్ళను చూసి నవ్వకూడదు. మంచి వస్తువు దాపెట్టుకోవడానికే. వాడుకోవడానికి పాతవి ఉంటాయి. పాతవి లేకపోతే చిగుళ్ళుంటాయి!

అలా మా మండలంలో ఒక బంగారు కాలం మొదలైంది. చుట్టాలొస్తే బీరువా తాళం తీసేవారు. పెద్దమ్మ పళ్ళు పెట్టుకుని గడపలో నిలబడి నవ్వేది. చుట్టాలు మురిసిపోయేవారు. అన్నాలకు లేచే వేళకు పళ్ళు డబ్బాలోకి, పెద్దమ్మ గోడవారకు. పెళ్ళిళ్ళలో వధూవరుల పక్కన ఫోటో దిగేదాకా పళ్ళు, పంక్తిలో కూర్చోగానే కొంగు ముడిలోకి. విందుకు పోయి పళ్ళు తీసి తినే జనం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి. టిక్కెట్టు పెట్టుకుని చూసి వస్తాను.

జ్ఞానరాజు తాత పళ్ళు ఆదివారం మాత్రమే పని చేసేవి. ఆరాధనలో స్తోత్రం అన్నప్పుడల్లా స దగ్గర సన్నగా ఈల పడేది. పిల్లలు ఆ ఈల కోసమే చర్చికి రావడం మొదలుపెట్టారు. పాస్టరుగారికి అంతకంటే కావలసిందేముంది? ఆఖరి ప్రార్థన కాగానే తాత వాటిని చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకునేవాడు. సంఘం వాళ్ళిచ్చే బిస్కత్తును టీలో ముంచుకుని, జారి టీలో పడిపోయాక, తాగేవాడు.

ఒక్క పింఛను దగ్గరే చిన్న ఇబ్బంది. ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తేగానీ పింఛను రాదు కదా? పళ్ళు పెట్టుకుంటే ముఖం ఆధార్‌తో కలవదు. తీసేస్తే ఫ్లెక్సీతో కలవదు. పెద్దమ్మ ప్రభుత్వానికి ఒక మనిషి, హనుమేష్‌కు ఇంకో మనిషి. ఒకే జన్మలో రెండు ముఖాలు ఎంతమందికి దక్కుతాయి చెప్పండి?

కానీ పెద్దమ్మకు బుద్ధి మాత్రం రాలేదు. శివజ్యోతి రొట్టెలు తట్టే వేళకు పొయ్యి దగ్గర చేరేది.

"ఆ అంచు రోంత ఇయ్యమ్మా."

"నీకెట్ల కుదుర్తాది అత్తా?"

"తినేదానికి కాదులే. వాసనకు."

అంచు తునక నోట్లో వేసుకుని ఆ దవడ నుంచి ఈ దవడకు తోసుకుంటూ సాయంత్రందాకా కూర్చునేది. కరిగితే కరిగినట్టు, లేకపోతే ఉమ్మేసేది. బీరువాలో రెండు వరసల పళ్ళు పట్టుచీరల మీద నవ్వుతూ ఉండేవి. ఎవరి పని వారు చేసుకుంటున్నారు. ఇందులో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

లోకం ఇలా పద్ధతిగా నడుస్తుండగా హనుమేష్‌కు ఇంకొక ఆలోచన వచ్చింది. నవ్వుల మండలానికి ఏడాది నిండిన పండగ చేయాలని! బడి మైదానంలో షామియానా, స్టేజీ, మైకులు. ముసలోళ్ళందరూ పళ్ళు పెట్టుకుని ముందు వరసలో కూర్చోవాలి. సభ తర్వాత అందరికీ భోజనాలు. జొన్నరొట్టె, బోటి కూర. సన్మానానికి సుప్రజ డాక్టరమ్మను కూడా పిలిపించాడు.

ఆ పొద్దు మా ఊళ్ళో బీరువాలన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఏడాదిగా ఎండి, కలరా ఉండల వాసన పీల్చి పీల్చి ఉన్న పళ్ళవి. పెద్దమ్మ పెట్టుకోగానే ముఖం ముడుచుకుంది. "ఏందిరా ఇది, పట్టుచీర కొరికినట్ల ఉండాది!"

"గమ్మునుండు మా. రెండు గంటలు. నవ్వు, కూచో, అంతే" అన్నాడు నారాయణ. "హనుమేషన్న మైకు ఇస్తే బాగుండాది అను. రెండో మాట మాట్లాడితే నా డీలర్‌షిప్పు మీద ఒట్టే!"

నేను స్టేజీ పక్కనే కూర్చున్నాను. అందుకే జరిగిన ఘోరం అంతా దగ్గర్నుంచి చూసే గతి పట్టింది.

హనుమేష్ పూలదండతో లేచాడు. పెద్దమ్మను చేయిపట్టి స్టేజీ ఎక్కించాడు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. "అవ్వా! నేనిచ్చిన పండ్లు ఎట్లుండాయో ఈ జనానికి చెప్పు!"

పెద్దమ్మ నోరు తెరిచింది. అలవాటు కొద్దీ "బా" అని మొదలుపెట్టింది కూడా. సరిగ్గా అప్పుడు వంటల పక్క నుంచి గాలి తిరిగింది. పెనం మీద రొట్టె మాడే వాసన, బోటి కూర వాసన కలిసి స్టేజీ మీదికి ఎగబాకాయి. పెద్దమ్మ ఆగింది. ఒకసారి ఆ పక్క చూసింది. ఒకసారి కొడుకు పక్క చూసింది. కింద నారాయణ రెండు చేతులతో నవ్వు నవ్వు అని సైగలు చేస్తున్నాడు.

"నాయనా హనుమేషూ," అంది పెద్దమ్మ మైకులో. "ఎట్లుండాయని నువ్వు నిజంగా అడుగుతాండావా, ఊరికే అడుగుతాండావా?"

"నిజంగానే అవ్వా! జనం వినాల!"

"నిజంగా అడిగితే సెయ్యి పట్టు."

హనుమేష్ ఏదో ఆశీర్వాదమనుకుని దోసిలి పట్టాడు. పెద్దమ్మ పైదీ కిందదీ తీసి ఆ దోసిట్లో పెట్టింది. తడి తడిగా!

"ఇదో, ఈ కింద దానికి ఎడమ పక్క తడిమి సూడు. యాడ గుచ్చుతాదో నీ ఏలుకే తెలుస్తాది. ఏడాదాయె. నువ్వు బస్సు పెట్టల్యా. నా కొడుకు తోడుకోని పోల్యా. బాగుండాదని నేనూ అన్యా, కాదనను. అనేదానికి బాగుండాది నాయనా. తినేదానికి బాగలేదు!"

పళ్ళు తీసేసిన నోటితో అన్న మాటలవి. అయినా మైదానం చివరిదాకా ప్రతి అక్షరం అందరికీ తెలిసింది. ఫోటోగ్రాఫరు అలవాటు ప్రకారం క్లిక్కుమనిపించాడు. దోసిట్లో రెండు వరసల పళ్ళు, మెడలో దండ, నోరు తెరుచుకున్న హనుమేష్. ఆ ఫోటో ఇప్పుడు వాట్సాప్‌లో తిరగని గ్రూపు లేదు.

"అమ్మా!" అన్నాడు నారాయణ కింద నుంచి. అంతలో ముందు వరసలో జ్ఞానరాజు తాత లేచాడు. "ప్రభువు దయ వల్ల నేను గూడా అబద్ధమే ఆడినప్పా, ఏడాదిగా. నాకు పై చిగురుకు గుచ్చుతాది" అని జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. పెట్టుకోనే లేదు ఆ పెద్దమనిషి! ఆయన వెనక ఇంకొక అవ్వ. ఆమె వెనక ఇంకొక తాత. నడుం సంచుల్లోంచి, కొంగు ముడుల్లోంచి, నోళ్ళలోంచి సెట్లు బయటికొచ్చాయి. చేతులు పైకి లేచాయి. మనుషులు లేకుండా అన్ని నవ్వులు గాలిలో నిలబడటం నేనెప్పుడూ చూడలేదండీ!

"మేడం, ఏందిది!" అన్నాడు హనుమేష్. ఆ పళ్ళు యాడ పెట్టాలో తెలియక ఇంకా దోసిట్లోనే పట్టుకుని ఉన్నాడు.

సుప్రజ తన సన్మానం శాలువా తీసి కుర్చీ మీద వేసింది. "వారంలోపల తీసుకురమ్మంటి గదన్నా. ఒక్కరూ రాకపోతే అందరికీ కుదిరినాయి గాబోలు అనుకుంటి. నాదీ తప్పే, ఫోన్ చేసి అడగల్యా." అని కారులోంచి పెట్టె తెప్పించింది. అందులో చిన్న మోటారు, దాని చివర రాకే మొన. "ఈడ కరెంటు ప్లగ్గు యాడుంది?"

స్టేజీ మీద ఉన్నది ఒకటే ప్లగ్గు. దానికి మైకు తగిలించి ఉంది. డాక్టరమ్మ మైకు పీకేసి మోటారు పెట్టింది!

అంతే. ఉపన్యాసాలు ఆగిపోయాయి. జుయ్‌మని రాకే చప్పుడు ఒక్కటే మైదానమంతా. మొదట పెద్దమ్మ కూర్చుంది. నీలం కాగితం కొరికించి, నీలం అంటిన చోట రాకి, కడిగి, పెట్టి, మళ్ళీ అదే ప్రశ్న.

"ఇప్పుడు గుచ్చుకుంటాందా అవ్వా?"

"గుచ్చుకుంటాంది."

"ఇప్పుడు?"

"ఇంగ రోంత."

"ఇప్పుడో?"

"ఆ పక్క బాగయ్యె. ఈ పక్క బాగలేదు తల్లీ."

ఆ బాగలేదు అనడంలో ముసల్దానికి ఎంత సంబరమో! ఒక్కో మారు ఒక్కో రాగంలో అంటోంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు వంతు రాకముందే లోపల లోపల సాధన చేసుకుంటున్నారు. "బాగలేదు... బాగలేదు..." డెబ్బై ఏళ్ళ మర్యాద ఒక్క మధ్యాహ్నంలో మంటగలిసింది. ఏడాదిగా ఎండిన ఒకటి రెండు సెట్లు వంకర తిరిగిపోయాయంట. వాటికి మళ్ళీ కొత్త అచ్చులు తీస్తానని, వాళ్ళను తనే పిలిపించుకుంటానని చెప్పింది డాక్టరమ్మ. మైకు లేకుండా చెప్పింది. కాబట్టి ఆ మాట జరిగే ప్రమాదం ఉంది.

తర్వాత భోజనాలు. పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే పోయి వరస మధ్యలో కూర్చుంది. శివజ్యోతి ఒక్క క్షణం ఆగి, పక్కన చోటు చేసి, తునకలు చేయకుండా పూర్తి రొట్టె విస్తట్లో వేసింది. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అంచు కొరికింది.

కటుక్కుమంది!

వరసంతా తినడం ఆపి చూసింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని నమిలింది. ఆ పక్క నమిలింది, ఈ పక్క నమిలింది. ఎంతసేపు నమిలిందంటే వడ్డించేవాళ్ళు కూర బకెట్టు పట్టుకుని నిలబడిపోయారు. ఆఖరికి మింగి, కళ్ళు తెరిచి అంది. "రొట్టెలో ఉప్పు ల్యా. బోటి సరిగ్గా కడగల్యా. ఎవుర్రా వండింది?"

చూశారా? నేను భయపడింది ఇందుకే!

ఒకసారి కొరకడం అలవాటైన నోరు ఆగుతుందా? మరుసటి వారానికి ట్యాంకు నీళ్ళు బాగలేవన్నారు. రేషన్ బియ్యంలో నూకలన్నారు. బడి గోడ పగిలిందన్నారు. ఆ బస్సు సంగతేమైందని ఇంకా అడుగుతున్నారు. పళ్ళున్నాయి కాబట్టి ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. టీవీ సౌండు ఎంత పెంచినా లాభం లేదు. హనుమేష్ పెద్ద మనసు చేసుకుని పెద్దమ్మను బుజ్జగించడానికి వచ్చి, "అవ్వా, నారాయణకు డీలర్‌షిప్పు మాట్లాడతాలే" అంటే ఆమె ఏమందో తెలుసా?

"వద్దు నాయనా. వానికి తూకం సరిగ్గా రాదు. నా కొడుకే, నాకు తెల్దా?"

నారాయణ రెండు రోజులు ఇంట్లో అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాడు, తల్లి పక్కనే కూర్చుని. ఏం చేస్తాడు? వరసలో అదొక్కటే చోటు ఖాళీ ఉంది.

హనుమేష్ మాత్రం ప్రజాసేవ మానుకునే రకం కాదు. ఈసారి పళ్ళ జోలికి పోకుండా కళ్ళజోళ్ళ క్యాంపు పెడతాడంట. మంచి ఆలోచన. మండల క్షేమం కోరి నాదొక చిన్న సలహా. ఫ్రేములు బంగారు రంగువి తెప్పించన్నా, ఫోటోలో ముఖానికి నిండుగా ఉంటాయి. తళతళలాడాలి, చెవులకు పట్టాలి, పైన నీ పేరు కూడా వేయించుకో.

అద్దాలు మాత్రం వేయించొద్దు సామీ!